పొయ్యిలో వీచు గాలి

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి పట్టణములలో బస్టాండు చేరువనో సంతవీధి మలుపుననో ఉండు బేకరీల వెనుకగదిలోనికి తొంగిచూచినచో, వెనుకటి తరమువారు ఇటుకలతో కట్టించుకొన్న కట్టెలబట్టీ యుండెడి చోట నేడు పలు తావుల మనిషి యెత్తునకు మించిన స్టీలు ఓవెన్ ఒకటి నిలిచియుండుట కానవచ్చును. దాని గాజుతలుపు వెనుక పదునైదో ఇరువదో ట్రేలను అంతస్తులుగా మోయుచున్న చక్రాల ట్రాలీ నింపాదిగా తనచుట్టు తాను తిరుగుచుండును. కంటికి కనబడని చోట ఒక ఫ్యాను హోరుమనుచుండును. తలుపు ప్రక్కన ఎఱ్ఱని అంకెలు 190 అనియో 200 అనియో చూపుచుండును. ఆ అంకెలను చూచి, బన్నును కాల్చునది ఆ వేడిమియే యనియు, ఫ్యాను దానికి తోడు మాత్రమే యనియు మనము తలంతుము. నిజమునకు ఆ పనిలో పెద్దపాలు ఆ హోరుదే.

బేకరీ పనివాడు రోజునకు ఎన్నోమార్లు 200 డిగ్రీల ఓవెన్ లోనికి చేయి చాచి ట్రేను సరిచేసి వెనుకకు తీసికొనును. ఇనుమును తాకనంతవఱకు ఆ చేతికి సెగయే గాని గాయము కలుగదు. అదే చేయి 97 డిగ్రీలకు మరుగుచున్న నీటిలో రెప్పపాటుసేపు మునిగెనా, బొబ్బలెక్కును. (97 అనుట అచ్చుతప్పు కాదు; ఆ సంగతి ముందు వచ్చును.) నూరు డిగ్రీలకు పైగా అధికమైన వేడి గల గాలి చేయలేని పనిని నీరు చేయుటకు కారణము, ఉష్ణమును మోయుటయందు గాలికి గల దారిద్ర్యము. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించుటకు పట్టు ఉష్ణముతో, గది వేడిమిలోనున్న ఇంచుమించు 3500 లీటర్ల గాలిని ఒక డిగ్రీ వేడెక్కింపవచ్చును. పైగా, కదలని గాలి ఉష్ణమును ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు అందించుటలో నీటికంటె ఇరువది రెట్లు మందకొడి. ఇట్టి గాలి ఏ వస్తువునైనను అంటిపెట్టుకొని, రాపిడిచేత కదలలేక, పలుచని పొరగా నిలిచిపోవును. ఫ్యాను లేని పొయ్యిలో పెట్టిన బన్ను, నాలుగైదు మిల్లీమీటర్ల మందముగల ఆ పొరను దుప్పటివలె కప్పుకొని కూర్చుండును. పొయ్యియంతయు 200 డిగ్రీలున్నను, ఆ పొరకు బన్నువైపున నుండు అంచు బన్నంత చల్లగనే యుండును. ఫ్యాను వీచినప్పుడు ఆ పొర ఒక్క మిల్లీమీటరు ప్రాంతమునకు కృశించును. గాలి ద్వారమున బన్నునకు చేరు ఉష్ణము మూడు నాలుగు రెట్లు హెచ్చును. వేడిమి అంతయే, మధ్యనున్న అడ్డు మాత్రము తఱిగినది. సంవహన ఓవెన్ అని శాస్త్రజ్ఞులు పిలుచు ఈ యంత్రములోని కిటుకంతయు ఇంతియే.

ఈ కిటుకు న్యూటనునకు తెలియకపోలేదు. 1701లో ఆయన రాయల్ సొసైటీవారి పత్రికలో తన పేరు పెట్టక లాటినున ప్రకటించిన చిన్న వ్యాసములో, కాగిన ఇనుము చల్లారు వేగమునకు నియమము చెప్పుచు, ఆ ఇనుమును నిశ్చలమైన గాలిలో గాక ఏకరీతిగా వీచు గాలిలో ఉంచితినని ప్రత్యేకించి వ్రాసెను. వేడెక్కిన గాలి ఎప్పటికప్పుడు కొట్టుకొనిపోయి దాని స్థానమునకు చల్లని గాలి రావలెనని ఆయన యుద్దేశము. పాఠశాలలలో న్యూటను శీతలీకరణ నియమమును వల్లించు మనము ఆ గాలి మాటను మఱచితిమి. బేకరీవారు, ఆయన పేరు విననివారైనను, దానిని తలక్రిందులుగా ప్రయోగించుచున్నారు. చల్లార్చు గాలియు కాల్చు గాలియు ఒకే ధర్మమునకు లోబడినవి. 18వ శతాబ్ది చివర రంఫర్డ్ ప్రభువు అను బిరుదముతో ప్రసిద్ధుడైన బెంజమిన్ థామ్సన్ మాంసము కాల్చుటకై ఒక ఇనుపపొయ్యిని కల్పించి, దాని అడుగున రెండు గొట్టము లమర్చెను. మాంసము ఉడుకునంతసేపు వాని మూతలు మూసియుంచి, కడపట తెఱచినచో, వేడిగాలి ప్రవాహము మాంసముపైగా దూసికొనిపోయి పైభాగమును ఎఱ్ఱబఱచెడిది. వస్తువు నంటియుండు ఆ గాలిపొరకు గణితస్వరూపమిచ్చినవాడు జర్మనీ దేశీయుడైన లుడ్విగ్ ప్రాంట్ల్. 1904లో హైడెల్ బర్గ్ లో సమావేశమైన గణితజ్ఞుల మహాసభలో ఆయన చదివిన కొలదిపుటల ప్రసంగమునుండియే నేటి విమానశాస్త్రము పెరిగినది. ఆ విమానముల కొఱకే, 1945లో అమెరికాలో విలియం మాక్స్ సన్ అను నాతడు గడ్డకట్టిన భోజనములను ప్రయాణికులకు చప్పున వేడిచేసి యందించుటకు ఫ్యాను గల చిన్న ఓవెన్ నిర్మించెను. ఆకాశమున పుట్టిన ఆ పరికరము హోటళ్ళకును బేకరీలకును దిగివచ్చి, పెరిగి, ట్రాలీని సైతము లోనికి తీసికొను ఆకారము దాల్చినది.

ఇక పాత ఇటుకబట్టీ మాట. కన్నడదేశమున బేకరీ విద్యకు పేరుమోసినవారు హాసన్ ప్రాంతపు అయ్యంగార్లు. 1898లో బెంగళూరు చిక్కపేటలో వెలసిన బి. బి. బేకరీ వారి అంగళ్ళలో మొదటిదని ప్రతీతి. గ్రుడ్డు సోకని బన్నులు, ఖారా బన్ను, వెన్న బిస్కెట్టు, కొబ్బరికోరు కూరిన దిల్ పసంద్, ఇవన్నియు ఆ విద్యయొక్క సంతానమే. అయ్యంగార్ బేకరీ అను పలక చిక్కబళ్ళాపురము జిల్లా పట్టణములలోను కనిపించును. బాగేపల్లిలోనైతే పలకమీద కన్నడము, లోపల బేరము తెలుగు. ఆ బట్టీలో ఫ్యాను లేదు గదా, పైన చెప్పిన గాలిదుప్పటిని దాటి వేడి లోనికి పోవుచుండిన దెట్లు? అక్కడ పని చేయునది వికిరణము. కట్టెలు మండించి, నిప్పులు ఒకప్రక్కకు లాగివేసిన పిమ్మట, గంటలతరబడి వేడిని పీల్చుకొన్న ఇటుక కప్పు ఆ వేడిని కిరణరూపమున క్రుమ్మరించును. కిరణమునకు గాలిపొర అడ్డు కాదు. స్టెఫాన్ 1879లో కనుగొన్నట్లు, ఈ వికిరణము పరమ ఉష్ణోగ్రతయొక్క నాలుగవ ఘాతమును బట్టి పెరుగును గనుక, కప్పు వేడిమి 200 నుండి 250 డిగ్రీలకు ఎక్కినచో అది క్రుమ్మరించు వేడి ఇంచుమించు ఒకటిన్నర రెట్లగును. అడుగునుండి, ట్రేను తాకిన ఇటుకనేల వహనముచేత నేరుగ వేడి నందించును. ఈ రెండును కలిసి చేయు పనిలో లోపమేమియు లేదు. బట్టీలో కాలిన బన్నునకే రుచి యెక్కువయని వాదించు పెద్దల మాటలో సగము సత్యమున్నదనియే నా తలంపు: అడుగుభాగమున పడు గట్టిదనమును, కట్టెపొగ తెచ్చు ఆ లేశమాత్రపు వాసనయు స్టీలు ఓవెన్ లో రావు. తక్కిన సగము బాల్యస్మృతి.

అట్లైన బట్టీ ఏల వెనుకబడినది? కిరణము వంగదు. ఒక ట్రేపైన మఱియొక ట్రే పెట్టితిమా, పైది క్రిందిదానికి నీడయగును. కావున బట్టీలో బన్నులు ఒక్క వరుసనే పఱచవలెను. గాలి వంగును. రెండు ట్రేల నడుమ నాలుగు వ్రేళ్ళ సందున్నను చాలు, అందు దూరి, ప్రక్కనున్న బన్నును పలుకరించి, ఆవలి సందులోనికి పోవును. నాలుగడుగుల చదరములో ఇరువది అంతస్తుల బన్నులు కాల్చగలుగుట ఈ వంగుగుణము వలననే సాధ్యమైనది. వ్యాపారికి కావలసినదియు అదియే. అయినను ఫ్యానుగాలి అన్ని మూలలకు సమముగా వీవదు. గాలి వెలువడు రంధ్రముల చేరువ దాని వేగము హెచ్చు, ఎదుటి మూల తక్కువ. ఈ పక్షపాతమును సరిదిద్దుటకే ట్రాలీని త్రిప్పుట. ప్రతి బన్నును వంతులవారీగా గాలికి ఎదురగును. ట్రాలీ తిరుగని చిన్న ఓవెన్లలో ఈ పనిని మనుష్యుడే చేయవలెను: సగము కాలము గడచిన తరువాత ట్రేల ముందు వెనుకలు మార్చవలెను. ఇంకొకటి. బట్టీలో టన్నులకొలది ఇటుక వేడిని నిలువచేసికొని యుండును గాన, నిప్పు తగ్గినను ఆ పూటకు లోటు లేదు. స్టీలు ఓవెన్ లో నిలువ లేదు. కరెంటు పోయినచో ఫ్యాను ఆగును, ఫ్యాను ఆగగానే భద్రతకొఱకు బర్నరును ఆరిపోవును, సగము పొంగిన బన్నులు అట్లే కూలబడును. జెనరేటరు లేనివాడు రోటరీ ఓవెన్ కొనుట తెప్ప లేక ఏటికి పోవుటయే.

ఇప్పుడు బన్ను లోపలికి పోదము. గాలి చేయు పని బన్ను చర్మముదాకనే. ఆపైన అధికారము నీటిది. ఓవెన్ లోనికి పోవు పిండిముద్దలో మూడవ వంతునకు పైగా నీరే. ముద్ద వెచ్చబడుకొలది మొదట ఈస్టు విజృంభించి, 55 నుండి 60 డిగ్రీల నడుమ చచ్చును. అంతవఱకు అది విడిచిన బొగ్గుపులుసు వాయువు, పిండినీటిలో కరగియున్నదానితో కూడ, బుడగలలోనికి చేరి వ్యాకోచించును. 60 దాటగా మైదాలోని పిండిపదార్థము నీటిని పీల్చి ఉబ్బును. 70, 80 నడుమ గ్లూటెన్ మాంసకృత్తు గట్టిపడి, ఆ ఉబ్బును చెక్కుచెదరకుండ నిలుపును. 78 వద్ద ఈస్టు చేసిన సారాయి ఆవిరియగును. తుదకు నీరు మరుగు వేడిమి దరిదాపులకు చేరి, నడిమిభాగము అక్కడనే నిలిచిపోవును. బయట 200 ఉన్నను 220 ఉన్నను నీరున్నంతవఱకు అంతకుమించి ఒక్క డిగ్రీయు ఎక్కదు. వచ్చిన వేడియంతయు ఆవిరిచేయుటకే వ్యయమగును.

ఆ మరుగు వేడిమి ఈ సీమలో నూరు డిగ్రీలు కాదు. చిక్కబళ్ళాపురము సముద్రమట్టమునకు సుమారు 915 మీటర్ల ఎత్తున నున్నది. అక్కడ వాయుపీడనము మైదానములకంటె పదవవంతు తక్కువ, నీరు సుమారు 97 డిగ్రీలకే మరుగును. 1478 మీటర్ల నందికొండ మీద మఱి రెండు డిగ్రీలు ముందుగనే. బాగేపల్లి సుమారు 700 మీటర్లు, చింతామణి ఆ రెంటికిని నడుమ. ఇది పుస్తకపు లెక్క మాత్రము కాదు. పీడనము పదవవంతు తగ్గినచో అదే వాయువు పదవవంతు ఎక్కువ చోటు నాక్రమించును. బుడగలు గోడలు గట్టిపడకముందే అతిగా ఉబ్బి చిట్లిపోవుటకు వీలుకలుగును, కేకు నడుమ గుంటపడును. అమెరికా బేకరీ గ్రంథములు 3000 అడుగులు దాటిన ఊళ్ళలో సోడాపాళ్ళు తగ్గింపుమని చెప్పును. 3000 అడుగులన 914 మీటర్లు. చిక్కబళ్ళాపురము సరిగా ఆ గీతమీదనే కూర్చున్నది. నెల్లూరినుండియో విజయవాడనుండియో వచ్చి అక్కడి కొలతలతోనే ఇక్కడ కేకు చేయువానికి అది నచ్చినట్లు రానిచో, పిండిని గాని ఓవెన్ ను గాని నిందింపక ముందు ఎత్తును తలచుకొనవలెను. గాలి పలుచనగుట చేత ఫ్యాను మోయు వేడియు కొంత తగ్గును, అది మాత్రము ఒకటి రెండు నిమిషములలో సర్దుకొను విషయము.

నడుమ 97 వద్ద ఆగినను పైభాగము ఆగదు. అక్కడి నీరు ముందుగా ఎగిరిపోవును. తడి యాఱిన క్షణమునుండి దానికి కళ్ళెము లేదు. 120, 140, 160 డిగ్రీలకు ఎక్కును. అప్పుడు మాంసకృత్తులలోని అమైనో ఆమ్లములును చక్కెరలును కలియబడి, వందలకొలది క్రొత్త పదార్థములను పుట్టించును. లూయీ కమీల్ మయ్యార్ అను ఫ్రెంచి వైద్యశాస్త్రజ్ఞుడు 1912లో దీనిని ప్రకటించినపుడు ఆయన చింత రొట్టెను గూర్చినది కాదు, జీవకణములో మాంసకృత్తులు ఏర్పడు తెఱగును గూర్చినది. ఆ చర్యల గొలుసును 1953లో అమెరికా రసాయనజ్ఞుడు జాన్ హాడ్జ్ విడదీసి చూపిన పిమ్మటనే ఆహారశాస్త్రము దానిని తనదిగా స్వీకరించినది. రొట్టె పైపొర ఇచ్చు కమ్మని వాసనకు ముఖ్యకారణమైన పదార్థమే బాసుమతి అన్నమునకును సువాసన నిచ్చుచున్నదని తెలిసినవారు, సాయంకాలము బేకరీ ముందునుండి పోవునపుడు తమకు ఆకలియగుటను క్షమించుకొందురు.

ఇక్కడనే ఫ్యానుయొక్క దోషమును బయటపడును. వేడిని చేర్చు గాలియే తడిని అపహరించును. రెండును ఒకే పొర పలుచనగుట వలన కలుగునవి, ఒకటి వలదని రెండవదానిని కోరుకొనుటకు లేదు. బన్ను పొంగుట ముగియకముందే పైభాగము ఎండి పెచ్చుకట్టినచో, లోపలి వాయువు దారిలేక ప్రక్కను చీల్చుకొని వచ్చును. అందులకే పెద్ద ఓవెన్లలో ట్రాలీ లోనికి పోగానే ఫ్యానును కాసేపు ఆపి, నీటియావిరిని చిమ్ముదురు. చల్లని ముద్దమీద ఆ యావిరి నీరై పేరుకొనును. పైపొర మెత్తగా సాగుచుండును. అంతేకాదు: ఒక కిలో ఆవిరి నీరుగా మారునపుడు విడుచు 2257 కిలోజౌళ్ళ గుప్తోష్ణము, ఒక కిలో నీటిని మంచువేడిమినుండి మరుగువేడిమి దాక తెచ్చుటకు పట్టు ఉష్ణమునకు అయిదు రెట్లకు పైబడినది. తడిపి చల్లార్చుచున్నట్లు కనబడు ఆ యావిరి నిజమునకు ముద్దకు వేడిని దోసిళ్ళతో పోయుచున్నది. తరువాత ఆవిరిని వెడలగొట్టి ఫ్యాను వేయుదురు, పెచ్చు ఎఱ్ఱబాఱును.

ఖారా బన్ను విషయమున మఱియొక జాగ్రత్త. అందు కలిపిన ఉల్లిముక్కలలో పైకి తేలినవి చిన్నవి, పలుచనివి, తీపిగలవి. గాలికి ముందుగా ఎండి ముందుగా మాడునవి అవియే. బట్టీనుండి ఓవెన్ కు మారినవారు పాత అంకెనే పట్టుకొని 220 వద్ద కాల్చినచో, ఉల్లి నల్లబడి బన్ను తెల్లగనే యుండును. ఫ్యాను ఓవెన్ లో వేడిమిని 15, 20 డిగ్రీలు తగ్గించి పెట్టవలెనను సూత్రము ఇందువలననే పుట్టినది. పల్చని పిండితో పోసిన కేకుల మీద గాలి అలలు లేపి ఒకవైపునకు వాల్చును గనుక అక్కడ ఫ్యాను వేగమును తగ్గింపవలెను. పఫ్సులకు మాత్రము గాలి మిత్రమే. మైదాపొరకును పొరకును నడుమ పూసిన కొవ్వు, ఆ పొరలు ఒండొంటితో అతుకుకొనకుండ కాచుచుండగా, పిండిలోని నీరు తనకంటె 1600 రెట్లకు పైగా విస్తరించు ఆవిరియై వానిని ఎత్తును. ఎత్తిన పొరలు వెంటనే ఎండి నిలువవలెను, లేనిచో కుంగును. ఎండబెట్టుట ఫ్యానుకు పుట్టువిద్య.

రాగి పండు సీమ గనుక రాగిని విడువరాదు. సంగటిగా వేల యింట నిత్యము ఉడుకు ఆ ధాన్యమును బిస్కెట్టుగా, రొట్టెగా చేయవలెనను ఉత్సాహము, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన తరువాత మఱింత పెరిగినది. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. ఈ విషయమున మన ధాన్యములలో దానికి సాటి లేదు. కాని రాగిలో గ్లూటెన్ లేదు. బుడగలను పట్టియుంచు సాగెడు వల లేనందున, ఒట్టి రాగిపిండితో బన్ను పొంగదు. మైదాలో కొంతపాలు మాత్రమే కలుపుదురు. మైసూరులో 1950లో నెలకొల్పిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ మొదలుకొని పలువురు ఇట్టి మిశ్రమములపై కృషిచేసినారు. బిస్కెట్టునకు పొంగు అక్కరలేదు, కొవ్వును చక్కెరయు దానిని నిలుపును. కావున రాగికి బిస్కెట్టే సహజమైన రూపము. అయితే రాగిబిస్కెట్టు ఓవెన్ లోనికి పోవునప్పుడే గోధుమరంగున నుండును. మైదాబిస్కెట్టు అంచు ఎఱ్ఱబాఱుట చూచి తీయుటకు అలవడిన కన్ను ఇక్కడ మోసపోవును. ఇంకను పచ్చియని నమ్మి ఉంచి మాడ్చినవారు కలరు. ఇక్కడ గడియారమును, ముక్కును, విఱిచినపుడు వచ్చు చప్పుడును నమ్మవలెను.

చింతామణి సంతలో వేరుసెనగ కాయలు రాసులు పోసియుండుట ఆ ప్రాంతమువారికి నిత్యదృశ్యము. మన పెద్దలు వానిని మంగలములో వేడియిసుకతో కలిపి వేయించిరి. అది భౌతికశాస్త్రదృష్టిలో మిక్కిలి తెలివైన పద్ధతి: ఇసుకరేణువులు గింజను నలువైపుల తాకి, గాలిపొరకు తావీయక, వహనముచేత వేడిని చేర్చును, కలియబెట్టుట ఆగనంతవఱకు ఏ గింజకును ప్రత్యేకముగా మాడు భయము లేదు. ఓవెన్ లో ఆ సమత్వమును సాధించుటకు గింజలను ఒక్క పొరగా, రంధ్రములు గల ట్రేలలో పఱచి, 150, 160 డిగ్రీల నడుమ ఇరువది నిమిషములు మొదలుకొని అరగంటవఱకు వేయించవలెను. ఏడెనిమిది పాళ్ళున్న తేమ రెండు పాళ్ళకు దిగును. ఆపైన మయ్యార్ చర్యలవలననే పైరజీనులను వాసనద్రవ్యములు పుట్టును. వేయించిన పల్లీకి ఆ ఘుమఘుమ వానివలననే. గింజలో సగముదాక నూనెయే గనుక, వెలికి తీసిన పిదపను అది తన వేడితో తాను వేగుచుండును. రంగు పూర్తిగా రాకముందే తీసి, వెంటనే చల్లగాలి కొట్టవలెను. న్యూటను ఇనుపముద్దకు చేసిన సత్కారమే. ఎండిన ఎఱ్ఱపొట్టు గాలికెగిరి ఓవెనంతయు తిరుగును, బర్నరు దారిలో చేరి మాడును. దానిని రోజూ ఊడ్వనివాని పల్లీలకు మఱునాడు కాలువాసన. బూజుపట్టిన గింజను మాత్రము ముందుగనే ఏరివేయవలెను. బూజు విడుచు అఫ్లటాక్సిన్ అను విషము వేపుటచేత కొంత తగ్గునేగాని పూర్తిగా నశింపదు.

జీడిపప్పునకు ఇంకను తక్కువ వేడి చాలును. చింతామణి వ్యవసాయ పరిశోధన కేంద్రము వెలువరించిన జీడిమామిడి రకములలో ఒకదానికి చింతామణి-1 అనియే పేరు. తమ తోట జీడిపిక్కలను బేకరీ ఓవెన్ లో వేయించి చూతమను కోరిక కలవారు ఒకటి తెలిసికొనవలెను: పెంకులోని జీడినూనె చర్మమును పొక్కించునది, దాని పొగ కన్నులకును ఊపిరితిత్తులకును కీడు. పెంకు తీసిన పప్పును మాత్రమే అన్నము వండు పొయ్యిలోనికి రానీయవలెను.

ఉరులగడ్డ ఈ జిల్లాలో విస్తారముగా పండునది. దానిని ముక్కలుగా కోసి, నూనె కొద్దిగా పూసి, ఫ్యాను ఓవెన్ లో కాల్చినచో బాణలిలో వేపినదానికంటె ఎంతో తక్కువ నూనెతో కరకరలాడును. గాలి పైతడిని తీసికొనిపోవుటయే కారణము. కాని శీతలగిడ్డంగిలో చిరకాలముంచిన గడ్డలో పిండిపదార్థము కొంత చక్కెరగా మారియుండును. అట్టి గడ్డ త్వరగా నల్లబడుటయే గాక, ఆస్పరజీన్ అను అమైనో ఆమ్లముతో ఆ చక్కెర కలిసి, 120 డిగ్రీలు దాటినపుడు ఆక్రిలమైడు అను అవాంఛనీయమైన పదార్థమును ఎక్కువగా పుట్టించును. స్వీడనువారు 2002లో దీనిని ఆహారములో కనిపెట్టి లోకమును ఉలికిపడజేసిరి. ముక్కలను నీటిలో నానవేసి కడిగి, బంగారు రంగుననే తీసివేసినచో దాని పాలు చాలవఱకు తగ్గును.

కోడిని నిలువునా కాల్చువారికి మఱియొక చిక్కు. గాలి ఎంత వేగముగా వీచినను దాని ప్రతాపము చర్మముతో సరి. లోనికి వేడి పోవుట వహనముచేతనే, అదియు నత్తనడకను. మందము రెట్టింపయినచో లోపలికి వేడి చేరు కాలము ఇంచుమించు నాలుగు రెట్లగునని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫూరియే 1822లో ప్రకటించిన సిద్ధాంతమునుండి తేలును. తొందరపడి వేడిమిని పెంచినవానికి పైన బొగ్గు, ఎముక ప్రక్కన నెత్తురు. తొడ లోభాగము 74 డిగ్రీలకు చేరినదో లేదో సూదితొడిమ థర్మామీటరుతో చూచుకొనుటయే మార్గము. రోగక్రిములు ఆ వేడికి నిలువవు. వంకాయను కాల్చి పచ్చడి చేయువారికి ఈ బాధ లేదు. అక్కడ పైన బొగ్గు కావలసినదే, తొక్క ఊడివచ్చుటకును పొగవాసనకును. ఆ పనికి నిప్పే మేలు, ఫ్యాను వృథా.

మిగిలినది రస్కు. అమ్ముడుపోక మిగిలిన రొట్టెకు రస్కు పునర్జన్మమని పరిహాసమాడుదురు గాని, మంచి బేకరీవారు దానికి వేరుగా చక్కెర ఎక్కువవేసి రొట్టె చేసి, ఒక రాత్రి ఆఱనిచ్చి, మఱునాడు కోయుదురు. వేడిరొట్టె కత్తికి ముద్దయగును. ముక్కలను రెండవమారు కాల్చుటలో పొంగవలసినది లేదు, గట్టిపడవలసిన గ్లూటెన్ లేదు. లోపలి తేమను నూటికి నాలుగైదు పాళ్ళకు దింపవలసిన పని యొక్కటే. మొదట కొంచెము ఎక్కువ వేడిలో రంగు తెప్పించి, పిమ్మట నూరు డిగ్రీల చిల్లరకు తగ్గించి, ఫ్యానును పూర్తివేగమున విడిచి, ఆవిరి పోవు కిటికీని తెఱచియుంచవలెను. ఆ కిటికీని మూసియుంచినచో, ముక్కలు విడిచిన తేమ ఓవెన్ లోనే తిరుగాడుచు మరల వానినే తడుపును, ఎంతసేపు ఉంచినను నడుము మెత్తగనే యుండును. తీసిన రస్కును వేడిగా ఉండగనే ప్లాస్టిక్ సంచిలో కట్టినను అంతే. వానకాలమున చిక్కబళ్ళాపురము వైపు గాలిలో తేమ పెరిగినపుడు, రస్కు పూర్తిగా చల్లారినదో లేదో అఱచేతితో ముట్టి చూచి, చల్లారిన మఱుక్షణమే సంచి మూతి బిగింపవలెను. అంతకుముందు కట్టినచో తన యావిరి, అంతకుతరువాత కట్టినచో ఊరి తేమ దానిని చెఱచును.